మంచులో మెరుగు, అలల్లో తరుగు

కాకినాడ తీరంలో ఉన్నవారికి సప్లై ఓడ కొత్తేమీ కాదు. ముందువైపు ఎత్తుగా గదులు, వాటిపైన ఓడను నడిపే బ్రిడ్జి, వెనకంతా నీటికి కాస్త ఎత్తులో పరుచుకున్న పొడవాటి డెక్కు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వే రిగ్గులకు కావలసిన గొట్టాలు, సిమెంటు, డీజిలు, మంచినీళ్లు, బియ్యం, కూరగాయలు ఆ డెక్కు మీదో, దాని కింది ట్యాంకుల్లోనో వెళ్తాయి. తవ్వకం సాగినన్నాళ్లూ రిగ్గు ఉన్నచోటి నుంచి కదలదు. దానికి ఏం కావాలన్నా ఎవరో ఒకరు మోసుకెళ్లాల్సిందే. తుఫాను రోజులు పక్కనబెడితే మన సముద్రం ఈ రాకపోకలకు పెద్దగా అడ్డు చెప్పదు.

ఇదే పని ఓఖోట్స్క్ సముద్రంలో చేయాలంటే? రష్యా తూర్పు కొసన ఉన్న సఖాలిన్ దీవి ఈశాన్య తీరంలో ఏటా నెలల తరబడి సముద్రాన్ని మంచు కప్పేస్తుంది. అక్కడి సఖాలిన్-1 చమురు ప్రాజెక్టులో మన ఓఎన్‌జీసీ విదేశ్ 2001లో 20 శాతం వాటా తీసుకుంది. మంచు పట్టిందని ప్లాట్‌ఫామ్ మీద పని ఆగదు, మనుషులకు ఆకలి ఆగదు. ఆ ప్రాజెక్టుకు సరుకు మోయడం కోసమే హెల్సింకీ షిప్‌యార్డు 2012 డిసెంబరులో ‘విటుస్ బేరింగ్’ అనే ఓడను అప్పగించింది. పొడవు దాదాపు 100 మీటర్లు. 1.7 మీటర్ల మందం ఉన్న మంచులో తన దారి తానే చేసుకుని వెళ్లగలిగేలా దాన్ని రూపొందించారు.

చాలా ఏళ్లు ఓడల డ్రాయింగుల మధ్య బతికినవాణ్ని. ఎన్నో రకాల ఓడల గీతలు చూశాను గానీ, ఈ రకం నన్ను ఆపినంతగా ఏదీ ఆపలేదు. దీని ప్రతి గీతలోనూ ఒక తగవు ఉంటుంది. మంచు కోరేది ఒకటి, అలలు కోరేది ఇంకొకటి, సరుకు కోరేది మరొకటి. ముగ్గురినీ మెప్పించే గీత లేదు. ఎవరికి ఎంత అన్యాయం చేయాలో తేల్చుకోవడమే డిజైనర్ పని.

ముక్కు దగ్గర మొదలుపెడదాం. మంచును నిలువునా నలిపితే చాలా ఓర్చుకుంటుంది. వంచితే తేలిగ్గా విరుగుతుంది. వేయించిన అప్పడాన్ని అంచు పట్టుకుని వంచి చూడండి, సంగతి అర్థమవుతుంది. అందుకే మంచును విరిచే ఓడ, అంటే ఐస్‌బ్రేకర్ ముక్కును కోసుగా నిలబెట్టరు, బాగా ఏటవాలుగా వాలుస్తారు. ఓడ మంచు పలక మీదికి కొంత ఎక్కుతుంది, తన బరువుతో దాన్ని కిందికి వంచుతుంది, పలక విరిగి ముక్కలు ఒళ్లు రాసుకుంటూ పక్కలకు తప్పుకుంటాయి. ఇంజిన్ బలం ఎంత ఉన్నా ఈ వాలు సరిగ్గా కుదరకపోతే అందులో సగం వృథా. పక్కలు కూడా గుండ్రంగా, నున్నగా ఉండాలి. మామూలు ఓడ ఊగకుండా అడుగున రెండు వైపులా అమర్చే బిల్జ్ కీల్ రెక్కలు మంచులో నిలవవు, కాబట్టి వాటిని వదులుకోవాలి.

ఇప్పుడు ఆ ఓడనే మంచులేని సముద్రంలోకి తీసుకురండి. వాలు ముక్కు కింద అలలు వచ్చి బాదుతాయి. గుండ్రటి ఒళ్లు తెగ పొర్లుతుంది. మంచులో అంత నిబ్బరంగా నడిచిన ఓడలోనే ఇక్కడ నావికులు మంచాలకు తమను తాము కట్టుకోవాల్సి వస్తుంది. డిజైనర్‌కు ఇది ముందే తెలుసు, తెలిసే ఒప్పుకున్నాడు.

ఇక వెనుక భాగం. గట్టి మంచులో ఓడ వెనక్కి నడిస్తే, అంటే ప్రొపెల్లర్ ముందుగా వెళ్తే, బాగా పోతుందన్న సంగతి పాతదే. ఉత్తర అమెరికా మహాసరస్సుల్లో తిరిగిన ‘సెయింట్ ఇగ్నేస్’ అనే ఫెర్రీకి 1888లోనే ముందువైపు కూడా ప్రొపెల్లర్ పెట్టారు. ప్రొపెల్లర్ తోసే నీరు మంచుకూ ఓడ ఒంటికీ మధ్య పారి రాపిడిని తగ్గిస్తుంది. పలక కింద నీటి ఆసరా తగ్గి అది తేలిగ్గా విరుగుతుంది. పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, నీటి కింద మీటర్ల కొద్దీ లోతుకు దిగిన మంచు దిబ్బలను ప్రొపెల్లర్ రెక్కలే అడుగు నుంచి కొరికేస్తాయి. కాకపోతే వెనక్కి నడిచే ఓడను మామూలు చుక్కానితో అదుపు చేయడం కష్టం. ప్రొపెల్లరే చుట్టూ తిరిగి ఏ దిక్కుకైనా తోయగలిగే అజిపాడ్ రావడంతో ఆ చిక్కు తీరింది. 1990లో ఫిన్లాండ్‌కు చెందిన ‘సెయిలి’ అనే చిన్న ఓడకు దాన్ని మొదట బిగించారు. తర్వాత అక్కడి ఇంజినీర్లు ఓ కొత్త పద్ధతిని పట్టాలెక్కించారు. అలల్లో ముందుకు, గట్టి మంచులో వెనక్కి. ముక్కుకూ వెనుక భాగానికీ చెరొక సముద్రాన్ని పంచి ఇచ్చారన్నమాట. పైన చెప్పిన తగవుకు ఇంత చక్కటి రాజీ ఓడల చరిత్రలో అరుదు.

ఈ రాజీ ఎంత దూరం పనికొచ్చిందో కాస్పియన్ సముద్రం చెబుతుంది. దాని ఉత్తర భాగంలో కషగాన్ చమురు క్షేత్రం దగ్గర నీటి లోతు మూడు నాలుగు మీటర్లే. చలికాలంలో అదీ గడ్డకడుతుంది. పెద్ద ఐస్‌బ్రేకర్ అక్కడ నేలకు తగిలి కూర్చుంటుంది. 1998లో హెల్సింకీలో కట్టిన ‘ఆర్కిటికాబోర్గ్’, ‘అంటార్కిటికాబోర్గ్’ సప్లై ఓడలు అంత తక్కువ లోతు నీటిలో కూడా తేలుతూ, మంచు గట్టిపడితే వెనక్కి తిరిగి పనిచేసేలా రూపొందాయి.

బయటికి కనపడే ఆకారం కన్నా లోపలి చిన్న సంగతులే నన్ను ఎక్కువగా కట్టిపడేస్తాయి. ఓడ ఇంజిన్లు చల్లబడటానికి సముద్రపు నీరే ఆధారం. మంచు సముద్రంలో ఆ నీళ్లు లాక్కునే పెట్టెలోకి నలిగిన మంచు చేరి కూరుకుపోతుంది. చుట్టూ గడ్డకట్టే చలి ఉన్నా నీళ్లందక ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది! అందుకని ఇంజిన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీటినే మళ్లీ ఆ పెట్టెలోకి మళ్లించి మంచును కరిగిస్తారు. చలికి పెళుసెక్కని ఉక్కు కావాలి. నీటి మట్టం దగ్గర మందపాటి రేకు, దాని వెనక దగ్గర దగ్గరగా పక్కటెముకలు కావాలి. డెక్కు మీదికి చిమ్మిన నీరు గడ్డకట్టి పేరుకుపోతే పైబరువు పెరిగి ఓడ ఒరిగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి నడిచే దారులను, రెయిలింగులను, మెట్లను వేడి చేయాలి. ఇలాంటి ప్రతి ఏర్పాటూ కొంత బరువును, కొంత కరెంటును తినేస్తుంది. ఆ మేరకు సరుకు తగ్గుతుంది.

ఓడ కట్టాక నడిపేవారి విద్య మొదలవుతుంది. ప్లాట్‌ఫామ్ కాళ్లకు తగిలి మంచు విరిగాక, ఆ కాళ్ల వెనక కొంతమేర మంచు పలుచబడిన దారి ఏర్పడుతుంది. సప్లై ఓడ ఆ చాటుకు చేరి సరుకు దించుతుంది. సఖాలిన్ తీరంలో ఆటుపోట్ల ప్రవాహాలు బలమైనవి. మంచు కదిలే దిక్కు గంటల్లో మారిపోతుంది, దాంతో పాటు చాటూ మారిపోతుంది. క్రేన్ కొక్కెం డెక్కు మీద ఉండగానే మారవచ్చు. మంచును చదవడం వచ్చిన కెప్టెన్‌కే అక్కడ పని. ఆర్కిటిక్‌లోనైతే, వేసవిని దాటుకుని బతికిన పాత మంచులో ఉప్పు కిందికి దిగిపోయి అది గట్టిపడుతుంది, నీలం రంగు తేలుతుంది. ఆ నీలం కనపడితే అనుభవజ్ఞులు దారి మార్చుకుంటారు.

ఈ విద్యలో చాలా భాగం కెనడా ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో పుట్టింది. 1979లో వచ్చిన ‘కాన్‌మార్ కిగోరియాక్’, 1983లో వచ్చిన ‘టెర్రీ ఫాక్స్’, ‘కాల్విక్’ అక్కడి చమురు అన్వేషణ కోసం కట్టినవి. అదే 1983లో ‘కులుక్’ అనే గుండ్రటి డ్రిల్లింగ్ నౌక కూడా వచ్చింది. పన్నెండు లంగరు తీగలతో దాన్ని ఒకచోట నిలిపి ఉంచేవారు. ప్రవాహానికి ఎదురుగా సప్లై ఐస్‌బ్రేకర్లు నిలబడి, వచ్చే పెద్ద పలకలను చిన్న ముక్కలు చేసి పంపేవి. బావిని భద్రంగా మూసి అక్కడి నుంచి కదలడానికి ఎన్ని గంటలు పడుతుంది, ప్రమాదకరమైన మంచు ఎన్ని గంటల్లో వస్తుంది? ఈ రెండు లెక్కలూ రాత్రీ పగలూ సాగేవి. మొదటి లెక్క రెండోదాన్ని మించకముందే పని ఆపాలి. ఆపడం తెలిసినవారే అక్కడ నిపుణులు.

అదే కులుక్ కథ ఇంకో పాఠంతో ముగిసింది. 2012 డిసెంబరు 21న ‘ఐవిక్’ అనే కొత్త ఐస్‌బ్రేకింగ్ సప్లై ఓడ దాన్ని లాక్కుంటూ అలాస్కాలోని డచ్ హార్బర్ నుంచి సియాటిల్ వైపు బయలుదేరింది. ఆర్కిటిక్‌లో షెల్ కంపెనీ తవ్వకాల కోసమే ఆ ఏడాది ఐవిక్ తయారైంది. ఆ దారిలో మంచు లేదు. ఉన్నదల్లా చలికాలపు అలాస్కా సింధుశాఖ, దాని కొండంత అలలు. 27న లాగుడు తాడును కలిపే షాకిల్ ఊడింది. 28న ఐవిక్ నాలుగు ప్రధాన ఇంజిన్లూ ఆగిపోయాయి. 29న కులుక్‌లోని 18 మందిని కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు కాపాడాయి. 31న కులుక్ సిట్కాలిడాక్ దీవి ఒడ్డున నేలకెక్కింది. ప్రాణనష్టం లేకపోవడం మనుషుల సాహసం వల్ల దక్కిన అదృష్టం.

ఇంధనంలో సముద్రపు నీరు కలవడమే ఇంజిన్లు ఆగడానికి కారణమై ఉంటుందని కోస్ట్ గార్డ్ దర్యాప్తు భావించింది. ఇంధన ట్యాంకులకు గాలి వెళ్లే గొట్టాలు ఎక్కడ ఉన్నాయన్నదీ చర్చకొచ్చింది. లంగర్లు ఎత్తి దించే ఓడకు వెనక డెక్కు కిందుగా ఉండక తప్పదు. కిందుగా ఉన్న డెక్కు మీదికి అల ఎక్కక మానదు. అక్కడే గాలి గొట్టాల మూతులూ ఉంటే? అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు మాత్రం అసలు కారణాన్ని ఓడలో చూపలేదు. ఆ ప్రయాణంలోని ముప్పును షెల్ సరిగ్గా అంచనా వేయలేదని తేల్చింది.

నాకు ఈ రెండు నిర్ధారణలూ ఒకటే మాట చెబుతాయి. మంచు కోసం, డెక్కు పని కోసం ఓడ కొన్నింటిని వదులుకుంది. అది తప్పేమీ కాదు, వదులుకోకుండా అలాంటి ఓడ కట్టలేం. కానీ ఏం వదులుకుందో ఎరిగినవారు ఆ డిసెంబరులో ఆ దారిని ఎంచుకోరు. ఓడ బలాన్ని అందరూ చెప్పుకుంటారు, దాని బలహీనత డ్రాయింగుల్లోనే ఉండిపోతుంది. అదే ఐవిక్‌ను అమెరికా కోస్ట్ గార్డ్ 125 మిలియన్ డాలర్లకు కొని, 2025 ఆగస్టులో ‘స్టోరిస్’ పేరుతో విధుల్లోకి తీసుకుంది. ఓడ అంత తేలిగ్గా పనికిరానిదైపోదు. దాన్ని తెలుసుకుని నడపాలంతే.

ఈ ముచ్చట మనకు దూరంగా ఉండే రోజులు పోతున్నాయి. మన తొలి ధ్రువ పరిశోధన నౌక కోసం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ 2025 జూన్‌లో నార్వేకు చెందిన కోంగ్స్‌బర్గ్‌తో అవగాహన ఒప్పందం చేసుకుంది. రేపు ఆ గీతలు గీసే బల్లల దగ్గర విశాఖలో చదువుకున్న మన పిల్లలూ ఉండాలని నా ఆశ. వారికి ఒక్క మాట చెప్పాలని ఉంది. అంటార్కిటికా మంచును చేరాలంటే ఆ ఓడ ముందుగా దక్షిణ మహాసముద్రపు అలలను దాటాలి. ముక్కు వాలు తేల్చేటప్పుడు, బిల్జ్ కీల్ తీసేసేటప్పుడు, గాలి గొట్టం ఎత్తు నిర్ణయించేటప్పుడు మీరు ఏదో ఒకటి వదులుకుంటారు. ఏం వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో, ఏ సముద్రంలో దాని ఫలితం ఎలా ఉంటుందో తేట తెలుగంత సులువైన మాటల్లో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం కెప్టెన్ చేతికి చేరేదాకా మీ డిజైన్ పూర్తయినట్టు కాదు.