అయిదో వంతు కలిపి

చేసిన తప్పు ఫలితం తప్పించుకునే దారి బైబిల్లో ఉందా అని మా ఆదివారం బడి పిల్లలు అడుగుతుంటారు. పెద్దలు పైకి అడగరు, అంతే తేడా. నేను నీతి చెప్పను, లెక్క చెబుతాను.

నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఎద్దును దొంగిలించి కోసుకున్నా, అమ్ముకున్నా ఒకటికి అయిదు ఇచ్చుకోవాలి. గొర్రెకు నాలుగు. పశువు ప్రాణంతో దొరికితే రెట్టింపు. అదే మోసం చేసినవాడు తనంతట తానే ఒప్పుకుంటే సంఖ్యాకాండం 5వ అధ్యాయం అడిగేది అసలు, దానిమీద అయిదో వంతు. బలి ఇవ్వాల్సిన పొట్టేలు సరేసరి. అంటే నూటికి నూటఇరవై. పారిపోవడానికి సందు లేదు గానీ ముందుగా వచ్చినవాడికి బరువు తక్కువ. జక్కయ్య మాత్రం తానే ఒప్పుకుని కూడా నాలుగింతలు ఇస్తానన్నాడు. దొరికిన దొంగ కట్టే రేటు అది! అందుకే ఆ పొట్టి సుంకరి అంటే నాకు ముచ్చట.

మా నెల్లూరు తీరంలో ఈ లెక్క బైబిలు ముట్టనివాళ్లకూ తెలుసు. రాత్రిపూట బోటు ఇంజను ఫ్యాను పక్కవాడి వల మీద నుంచి పోతుంది. వల తెగుతుంది. చీకట్లో సాక్షులెవరూ ఉండరు. తెల్లారి ఒడ్డుకు లాగాక చూస్తే ఫ్యాను ఇరుసుకు నైలాను పోగులు చుట్టుకుని ఉంటాయి, ఒక్కోసారి బెండు ముక్కతో సహా. ఎవరి బెండు ఏదో పాలెంలో అందరికీ తెలుసు. తెలివైనవాడు ఆ పోగులు కోసి పారేయడు. "అన్నా, నీ వల నా ఫ్యానుకే తగిలింది" అంటూ తానే పోతాడు. వల ఖరీదుతో, ఆ రోజు వేట నష్టంతో మాట ముగుస్తుంది. దాచిపెడితే సంగతి పాలెం పెద్దలైన కాపుల ముందుకు పోతుంది, పైన తప్పు కట్టాలి, నలుగురిలో తలొంచాలి.

ఒప్పుకున్నంత మాత్రాన అన్నీ తీరిపోవు. దావీదుకు క్షమాపణ దొరికింది, ఇంట్లో కత్తి ఆగలేదు. కాబట్టి తప్పుకు తావివ్వకపోవడమే చవక. 1865లో నెల్లూరు వచ్చి, తర్వాత ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర చేసిందదే. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని కూలి చూపించాడు గానీ, కూటికోసం మతం ఇచ్చాడన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వచ్చే నెల ప్రభు భోజనానికి కూర్చునేలోపు, ఎవరి సొమ్మయినా మీ దగ్గరుంటే ఇచ్చి రండి. అయిదో వంతు మరవకండి.