ఆకర్షణ – ఆర్థిక పునాది

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ బస్ 1989లో 37 సంస్కృతులకు చెందిన పదివేల మందికి పైగా స్త్రీ పురుషుల అభిప్రాయాలు ప్రకటించాడు. స్త్రీలు సంపాదనాపరుణ్ణీ, పురుషులు వయస్సులో చిన్నదైన అందగత్తెనూ ఎక్కువగా కోరతారనీ, దీనికి మూలం జీవపరిణామమేననీ ఆయన వాదం. మన పెళ్ళిచూపుల బేరాన్ని ప్రకృతి ధర్మమనేవారికి యీ వాదం అక్కరకు వస్తుంది.

కోరిన మనిషిని చూశాడు గాని, ఆ మనిషి నిలబడ్డ నేలను ఆయన చాలినంతగా చూడలేదని నా అభిప్రాయం. 1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ ఆ లెక్కలనే తిరిగి పరిశీలించారు. సమానత్వం హెచ్చుగా వున్న దేశాల్లో వయస్సు, సంపాదన, ఇంటిపని నేర్పు విషయాల్లో స్త్రీ పురుషుల కోరికల మధ్య తేడా తక్కువగా కనబడింది. అందం విషయంలో అలాంటి సంబంధం కనబడలేదు. ఆ సంగతి దాచడం విమర్శకు తగదు. అయినా, ఆస్తీ ఆదాయమూ లేని స్త్రీ సంపాదనాపరుణ్ణి కోరడాన్ని స్వభావమనడం, ఆకలిని అభిరుచి అనడమే.