రోమన్ శిరస్త్రాణాలకు మొదటి పుస్తకం ఏది?

ఈ కాలమిస్టుకు ఈ వారం కోపం తెప్పించింది పిల్లల బొమ్మల చరిత్ర పుస్తకం ఒకటి. అందులో జూలియస్ సీజర్ సైనికులందరి నెత్తినా రెండు ఇనుప పట్టీలు అడ్డంగా, నిలువుగా బిగించిన శిరస్త్రాణాలే! ఆ పట్టీలు వచ్చింది ట్రాజన్ చక్రవర్తి డేసియా యుద్ధాల నాటికి. సీజర్ హత్య జరిగింది క్రీ.పూ. 44లో, ఆ యుద్ధాలు మొదలైంది క్రీ.శ. 101లో.

మరి ఏం చదవాలి? పాత పాఠకులు ఈపాటికి పేరు ఊహించే ఉంటారు: హెచ్. రసెల్ రాబిన్సన్. ఆయన ‘ది ఆర్మర్ ఆఫ్ ఇంపీరియల్ రోమ్’ 1975లో వచ్చింది. రాబిన్సన్ లండన్ టవర్ ఆయుధశాలలో పనిచేశాడు, స్వయంగా కవచాలు తయారుచేశాడు. 1964లో హేడ్రియన్ గోడకు దగ్గర్లోని కోర్‌బ్రిడ్జ్‌లో ఒక చెక్కపెట్టె బయటపడింది. లోపల తుప్పుపట్టి అతుక్కుపోయిన కవచపు రేకులు! అలాంటి కవచాన్ని ఎలా కూర్చేవారన్నది అప్పటిదాకా పండితుల ఊహే. ఏ రేకును ఏ తోలుపట్టీకి బిగించాలో తేల్చి, మనిషి తొడుక్కుని కదలగలిగే కవచాన్ని చేసి చూపించాడు రాబిన్సన్. సుత్తి పట్టిన చెయ్యి రాసిన చరిత్రలో ఉండే పట్టు వేరని ఈ కాలమ్ మొదటినుంచీ నమ్ముతోంది. చెంపరేకు ఎక్కడ వంగింది, చెవి దగ్గర లోహాన్ని ఎందుకు కోశారు వంటివి ఆయన కంటినుంచి తప్పించుకోలేదు.

అయినా మొదట చదవాల్సింది రాబిన్సన్‌ను కాదు.

ఇటలీలోని మాంటెఫోర్టినో, ఫ్రాన్స్‌లోని కూలుస్ పేర్లతో కొన్ని శిరస్త్రాణాలను, ఇంపీరియల్ గాలిక్, ఇంపీరియల్ ఇటాలిక్ అంటూ మరికొన్నిటిని ఆయన విడదీసి, లోపలి రకాలకు ఏ, బీ, సీ అని అక్షరాలు తగిలించాడు. జర్మన్ పండితులకు ఇవే హాగెనావ్, వైసెనావ్. అక్షరాల వరుస చూసిన కొత్తవాళ్లకు ఒకటి పోయాకే మరొకటి వచ్చిందనిపిస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక శిరస్త్రాణం మెడరేకు మీద నలుగురు సైనికుల పేర్లున్నాయి. చేతులు మారుతూ అంతకాలం వాడకంలో ఉన్న వస్తువును ఏ అక్షరం కింద, ఏ సంవత్సరానికి కట్టేస్తాం? పాత శిరస్త్రాణం కొత్త సైనికుడి తలకెక్కొచ్చు. ట్రాజన్ కాలపుది మాత్రం సీజర్ సైనికుడికి దొరకదు.

కాబట్టి ముందు బిషప్, కోల్‌స్టన్ కలిసి రాసిన ‘రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్’ చదవండి. 1993లో వచ్చిన ఈ పుస్తకానికి 2006లో రెండో కూర్పు వెలువడింది. కొనేవాళ్లు దాన్నే కొనాలి. తవ్వకాల్లో దొరికిన వస్తువు, శిల్పంలోని బొమ్మ, నాటి రాత, మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచడం అది నేర్పుతుంది. నాటి రాతల్లో పాలిబియస్ చరిత్ర ఆరో భాగాన్ని వదలకూడదు. శిరస్త్రాణం మీద అడుగున్నర ఎత్తున నిలిచే మూడు ఈకలు, ఊదావో నల్లవో, అక్కడే కనిపిస్తాయి. రాబిన్సన్ ఫొటోల దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి.

అమరావతి శిల్పాల కోసం బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లే తెలుగువాళ్లు, 1796లో రిబ్‌చెస్టర్‌లో దొరికిన ముఖకవచపు శిరస్త్రాణాన్నీ చూసి రండి. అదీ ఆ భవనంలోనే ఉంది.