పెరటికి ఎరువు పుష్యంలోనే

మా వెల్దుర్తి వైపు పెరడు తవ్వితే పలుగుకు ముందు తగిలేది రాయి. పల్నాడు నేల అడుగున సున్నపురాయి ఉంది. మాచర్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దాని కోసమే. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము, జింకు ఉన్నా మొక్కకు అందవు. లేతాకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది చూసి కొట్టుకెళ్లి యూరియా తెచ్చి చల్లేవాళ్లే ఎక్కువ. ఆ పసుపు యూరియాకు లొంగదు. పశువుల ఎరువు చివికేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఆ లోహాలను పట్టుకుని వేళ్ల దాకా చేరుస్తాయి.

ఎరువు మంచిదని అందరూ ఒప్పుకుంటారు. ఎప్పుడు వేయాలన్న దగ్గరే నాకు పేచీ. మిరప కోతలయ్యి, పత్తికట్టె పీకేశాక ఎండాకాలంలో చేలకు ట్రక్కులతో ఎరువు తోలతారు, రాత్రిళ్లు గొర్రెల మంద కట్టిస్తారు. చేను ఖాళీ అయ్యేది అప్పుడే కాబట్టి రైతుకు మరో దారి లేదు. పెరటికి ఆ ఇరకాటం లేదు కదా! ఏప్రిల్ ఎండలో పరిచిన ఎరువులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది, మిగిలింది పిడకలా ఎండుతుంది. అదే కార్తీకం దాటాక వేస్తే మట్టిలో ఇంకా పదును ఉంటుంది, వానపాములు పైపొరలోనే తిరుగుతుంటాయి.

చలిదేశాల్లో శీతాకాలం ముందు ఎరువు పరిచి వదిలేస్తారు. మట్టిలోని నీరు గడ్డకట్టి, కరిగి పెళ్లలను విరగ్గొడుతుంది. మన దగ్గర ఆ పని సూక్ష్మజీవులు, వానపాములు చేయాలి. మన నేల వెచ్చన కాబట్టి అవి పుష్యంలోనూ తింటూనే ఉంటాయి. అందుకే వేసిన ఎరువు ఇక్కడ తొందరగా హరించుకుపోతుంది, ఏటా వేయక తప్పదు.

పచ్చిపేడ మాత్రం వద్దు. చెదలు, వేరుపురుగు, గరిక దాంతోనే వస్తాయి. నీడన దిబ్బ వేసి, తడిపి, తిరగేస్తూ ఉంటే లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కలుపు గింజలు చాలావరకు చస్తాయి. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ పశువుల మూత్రంతో తడిసిన కొట్టం మట్టిని కూడా దిబ్బలోకి ఎత్తించాడు. పేడ ఎత్తి ఆ మట్టిని వదిలేయడం మన అలవాటు. నత్రజనిలో, పొటాష్‌లో పెద్ద వాటా వెళ్లేది మూత్రంలోనే.

మిరపకు ఎకరాకు 10 టన్నులు వేయమంటారు. అంటే సెంటుకు 100 కిలోలు. సారం లేని పెరటికి మొదటి రెండేళ్లు నేను అంతకు రెట్టింపు వేయమంటాను. నిజానికి 100 కిలోల ఎరువులో ఉండే నత్రజని అర కిలో, దాదాపు ఒక్క కిలో యూరియాతో సమానం. ఆ లెక్క చూసి ఎరువును తీసిపారేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. పోసిన నీటిని పట్టి ఉంచేది, గట్టి నేలను గుల్ల చేసేది యూరియా కాదు. గొర్రెల ఎరువైతే సారం ఎక్కువ, సగం వేసినా చాలు.

ఎరువును బెత్తెడు లోతున మట్టిలో కలిపి, పైన వరిగడ్డి గానీ కందిపొట్టు గానీ కప్పాలి. వారానికోసారి తడపాలి. శివరాత్రి నాటికి బెండ, గోరుచిక్కుడు గింజలు పెట్టుకోవచ్చు. వంగనారుకు మాత్రం తొలకరి దాకా ఆగడమే మేలు.