ఎండను రాత్రికి వాయిదా వేసే గోడ

లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రుళ్లు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోతుంది. గాలి పలచన, తేమ తక్కువ, మబ్బులు అరుదు. అందువల్ల పగలు ఎండ ధారాళంగా కాస్తుంది. అందువల్లే పొద్దుగూకగానే నేలలోని వేడి అంతే ధారాళంగా ఆకాశం పాలవుతుంది. పూర్వం ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పిడకల పొయ్యి చుట్టూ సర్దుకుని చలికాలం గడిపేవారు. తర్వాత బుఖారీ అనే రేకు పొయ్యి వచ్చింది. మంట ఉన్నంతసేపే దాని వేడి. చెట్లే తక్కువైన చోట కట్టెలు కొనడం భారం.

ఇప్పుడు అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి భారాన్ని గోడ పంచుకుంటోంది. ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండల మీది ఒదెయ్యోలో ఇంజనీరు ఫెలిక్స్ ట్రోంబ్, ఆర్కిటెక్టు జాక్ మిషెల్ కలిసి 1967లో ఇలాంటి గోడతో ఇల్లు కట్టారు. అందుకే దీనికి ట్రోంబ్ గోడ అని పేరు.

పని దిక్కుతో మొదలవుతుంది. మనవైపు దక్షిణ ద్వారమంటే వెనకాడతాం. అక్కడ ఇల్లంతా దక్షిణానికే తిప్పి కడతారు. ఆ వైపు గోడను పచ్చి ఇటుకలతో అడుగు మందాన లేపి, బయటి ముఖానికి నల్లరంగు పూస్తారు. దాని ముందు బెత్తెడు ఖాళీ వదిలి, చెక్క చట్రంలో రెండు పొరల అద్దం బిగిస్తారు. చట్రం అంచుల్లో సందు మిగిలితే కష్టమంతా వృథా.

ఇక గోడ పాదం దగ్గర కొన్ని కంతలు, పైకప్పు కింద కొన్ని కంతలు పెడతారు. ఎండకు అద్దం వెనక గాలి వేడెక్కి, పైకి లేచి, పై కంతల గుండా గదిలోకి వస్తుంది. ఖాళీ అయిన చోటును నింపడానికి గదిలోని చల్లగాలి కింది కంతల గుండా వెళ్తుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు.

రాత్రయితే ఈ ప్రవాహం ఎదురు తిరుగుతుంది. అద్దం చల్లబడుతుంది, దాని వెనక గాలి బరువెక్కి కింది కంతల్లోంచి గదిలోకి జారుతుంది. దీనికి విరుగుడు పలుచని ప్లాస్టిక్ ముక్క. కింది కంతకు అద్దం వైపున, పై కంతకు గది వైపున, పై అంచు మాత్రమే అతికించి వేలాడదీస్తారు. పగటి గాలి దాన్ని తోసుకుని పోతుంది. రాత్రి గాలి ఎదురు నుంచి వచ్చి, ఆ ముక్కను కంతకే అదిమి, తన దారి తనే మూసుకుంటుంది.

ఈలోగా నల్లటి ముఖం తాగిన ఎండ మట్టిలోంచి మెల్లగా లోపలికి నడుస్తూ ఉంటుంది. అడుగు మందం దాటడానికి దానికి ఎనిమిది పది గంటలు పడుతుంది. మధ్యాహ్నపు వేడి గదిలోకి చేరేది బాగా రాత్రయ్యాకే. గోడ మందమే ఇక్కడ గడియారం. పలచనైతే వేడి సాయంత్రమే వచ్చి తెల్లారకముందే అయిపోతుంది. మరీ మందమైతే గది వైపు ముఖం వెచ్చబడనే బడదు.

వచ్చిన వేడి పోకుండా మిగతా మూడు వైపులా జాగ్రత్త పడతారు. ఉత్తరాన జంటగోడలు కట్టి మధ్యలో గడ్డి గానీ రంపపు పొట్టు గానీ కూరతారు. సామాన్ల గదులూ అటే వేస్తారు. పైకప్పుకు పాప్లర్ దూలాలు, వాటిపై విల్లో పుల్లలు, గడ్డి, ఆపైన మట్టి.

వేసవికి కూడా ఇదే గోడ. జూన్ నడిమధ్యాహ్నం లేహ్‌లో సూర్యుడు దాదాపు 79 డిగ్రీల ఎత్తుకు వస్తాడు, డిసెంబరులో 32 డిగ్రీలే. కాబట్టి 40 సెంటీమీటర్ల చూరు జూన్‌లో రెండు మీటర్ల అద్దానికి పూర్తిగా నీడనిస్తుంది. డిసెంబరులో పాతిక సెంటీమీటర్లకు మించి కప్పదు. అద్దం పైభాగంలో బయటికి మరో కిటికీ ఉంటే దాన్ని తెరిచి, గదిలోకి వచ్చే పై కంతలు మూస్తారు. వేడిగాలి బయటికి పోతూ, గదిలోని గాలిని లాక్కుని, ఉత్తరపు కిటికీలోంచి చల్లగాలిని రప్పిస్తుంది.

లేహ్ దగ్గరి ఫే గ్రామంలో సెక్మోల్ విద్యాసంస్థ ప్రాంగణం ఎండతోనే వెచ్చబడే మట్టి కట్టడాలతో ఉంది. అక్కడ మరో ఉపాయం చూడవచ్చు. భవనాల దక్షిణ ముఖానికి చలికాలంలో ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ తగిలిస్తారు, వేసవిలో తీసేస్తారు.

ఈ ఏర్పాటులో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. అద్దం పగిలితే వడ్రంగి, పూత రాలితే మేస్త్రి, ప్లాస్టిక్ ముక్క చిరిగితే ఇంట్లోవాళ్లే మార్చుకోగలరు. తెలివంతా కట్టకముందే, ఎటు తిప్పాలి, ఎంత మందం వెయ్యాలి అన్న లెక్కల్లో ఖర్చయిపోయింది.