మాగిన తీగ

క్రిస్మస్‌కు పది రోజుల ముందు బేస్ గిటార్‌కు కొత్త తీగలు ఎక్కించుకుని చర్చిలో రిహార్సల్‌కు కూర్చున్నాను. ఢోలక్ వాయించే పెద్దాయన రెండు చరణాలు ఓపిక పట్టి చెయ్యి ఆపేశాడు.

“ఏం అబ్బీ, రేకుడబ్బా కొట్టినట్టుండాది, యాల?”

“కొత్త తీగలు మామా.”

“మామిడికాయనైనా మాగబెట్టుకునే తింటాం గదరా. తీగ మాత్రం పచ్చిదే వాయిస్తావా?”

బనగానపల్లె మామిడి పుట్టిన సీమ మాది. వరిగడ్డిలో వేసి మాగబెట్టిన కాయకూ, కార్బైడు పెట్టి రంగు తెప్పించిన కాయకూ తేడా ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు నుంచీ తీగల సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు గడ్డివాసనే గుర్తొస్తుంది.

బేస్ గిటార్‌కు నాలుగు తీగలు. అన్నింటికన్నా లావుది ఇ తీగ. అది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ నికెల్ పూత తీగో, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగో దగ్గర దగ్గరగా చుట్టి ఉంటుంది. మీటినప్పుడు తీగ మొత్తంగా ఊగుతూనే సగంలో, మూడో వంతులో, నాలుగో వంతులో కూడా ఊగుతుంది. ఆ చిన్న ఊపులే పైస్వరాలు. కొత్త తీగలో అవన్నీ ఒకేసారి మేల్కొని గోల చేస్తాయి. వాయించే కొద్దీ చేతి చెమట, చర్మంలోని జిడ్డు, ధూళి ఆ చుట్ల సందుల్లోకి చేరతాయి. వాటి రాపిడి ముందుగా మింగేది ఆ సన్నటి పైస్వరాలనే. అడుగున ఉన్న అసలు స్వరం మాత్రం నిలుస్తుంది. మెత్తదనం అంటే ఇంతే. అది బయట నుంచి తెచ్చి కలిపేది కాదు, అక్కర్లేనిది అణగారితే మిగిలేది.

అందరికీ ఈ మెత్తదనమే కావాలని కాదు. ఇంగ్లండులో ‘ద హూ’ బృందానికి బేస్ వాయించిన జాన్ ఎంట్‌విసిల్ 1966లో రోటోసౌండ్ కంపెనీతో కలిసి పియానోలా గణగణలాడే తీగల కోసం పట్టుబట్టాడు. ఆ బృందం హోరుకు అదే సరి. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్‌ది అచ్చంగా వ్యతిరేక దారి. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు నున్నటి లా బెల్లా తీగలు ఎక్కించి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనుకునేలా స్పాంజి ముక్క కూడా ఉండేది. ఆయన పాటల్లో బేస్ చెవిని గుచ్చదు, గుండె దగ్గర నడుస్తుంది.

మా పాటలకు జేమర్సన్ దారే నప్పుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కర్నూలు, కడప చర్చిల్లో ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతారు. పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు రాసిన ఆ కీర్తనల్లో ఎన్నో కర్ణాటక రాగాల్లో, తాళాల్లో కట్టినవి. పాడేది సభ మొత్తం. పక్కన హార్మోనియం, ఢోలక్, తాళాలు. పైస్థాయి అంతా తాళాలే నింపేస్తాయి. అక్కడికి కొత్త ఉక్కు తీగ గణగణలు కూడా వెళ్తే, ముసలమ్మల గొంతులు అణిగిపోతాయి. బేస్ ఉన్నది ఆ గొంతులకు కింద నేల పరచడానికి.

తంబురాలో తీరు వేరు. గుర్రం అనే బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు జరిపి, పైస్వరాలన్నీ తేనెటీగల్లా ఝుమ్మనేలా చేస్తారు. అక్కడ ఆ మేల్కొలుపే ప్రాణం. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఉన్న సీమవాళ్లం, ఆ నాదం మా చెవుల్లో ఉంది. కానీ తంబురా పని బేస్ గిటార్‌తో చేయించబోతే రెండూ చెడతాయి.

ఇక మాగబెట్టే పద్ధతి. తీగ ఎక్కించాక బ్రిడ్జి మీద, పైన నట్ దగ్గర అది వంపు తిరిగే చోట వేలితో మెల్లగా నొక్కాలి. వంపు సరిగా కూర్చోకపోతే శ్రుతి నిలవదు. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద వేలు పెట్టి కొద్దిగా ఎత్తి వదలాలి. శ్రుతి దిగుతుంది. మళ్లీ సరిచేయాలి, మళ్లీ ఎత్తాలి. నాలుగైదు సార్లకు దిగడం ఆగుతుంది. గట్టిగా లాగితే లోపలి తీగ దెబ్బతింటుంది, కాబట్టి ఇక్కడ బలం చూపించకూడదు.

ఆ తర్వాత ఇక వాయించడమే. రోజుకు గంట చొప్పున మూడు, నాలుగు వారాలు. గోరు తగలకుండా వేలి కండతో, మెడ చివర దగ్గరగా మీటాలి. ఒక్కో తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి చివరి దాకా ఏ ఫ్రెట్టూ వదలకుండా ఎక్కి దిగాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. అలవాటైన నాలుగు ఫ్రెట్ల దగ్గరే తిరుగుతుంటారు. ఆ భాగం మాగుతుంది, మిగతాది పచ్చిగానే ఉంటుంది. వాయించాక గుడ్డతో తుడవడం మంచి అలవాటే కానీ, ఈ మూడు, నాలుగు వారాలు మానుకోండి. మిరపకాయ బజ్జీలు తిన్న చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. చెమట జిడ్డు వేరు, వంటనూనె వేరు.

మా పొడి గాలి ఈ పనికి మేలు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి తీగ త్వరగా తుప్పు పడుతుంది. తుప్పును మెత్తదనం అనుకోకూడదు. అది వేళ్లను గీరుతుంది, ఫ్రెట్లను తినేస్తుంది. ఇక్కడ తీగ నిదానంగా, చేతి స్పర్శతోనే మారుతుంది. కరెంటు పోయిన మే నెల సాయంత్రాల్లో వాయిస్తే చెమటకు కొదవుండదు, వారం ముందే మాగుతుంది. అయితే ఎండలకు కర్ర ఆరి మెడ వంపు మారుతుంది. తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటే తీగను తిట్టుకోకుండా గిటార్ మెడ చూపించుకోండి.

వాసెలిన్, కొబ్బరినూనె రాసి ఒక్క పూటలో మెత్తబరచేవాళ్లున్నారు. అది కార్బైడు కాయ. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత ధూళి ముద్దలు కట్టి ఒకచోట మూగగా, ఒకచోట పచ్చిగా పలుకుతుంది. వ్యవధి లేకపోతే టోన్ నాబ్ తగ్గించండి, బ్రిడ్జి దగ్గర చిన్న స్పాంజి ముక్క దూర్చండి. నున్నటి ఫ్లాట్ తీగలు కొనుక్కునే స్తోమత ఉంటే అదీ మంచి మార్గమే. నా చెవికి మాత్రం చేత్తో మాగిన చుట్టుతీగలో మెత్తదనంతో పాటు కొంచెం కరుకూ మిగిలి ఉంటుంది, ఆ కరుకు నాకు కావాలి.

మరీ మాగితే కుళ్లినట్టే. పన్నెండో ఫ్రెట్ మీద తీగను ఆనీ ఆనకుండా తాకి మీటండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. ముందు సరిగా ఉండి ఇప్పుడు తేడా పడుతుంటే ఆ తీగ పని అయిపోయింది. మరుగుతున్న నీళ్లలో వేసి తీస్తే జిడ్డు వదిలి కొన్నాళ్లు మెరుపు వస్తుంది, ఫ్రెట్లు నొక్కి నొక్కి పడిన గుంటలు మాత్రం పోవు.

ఆ క్రిస్మస్‌కు నేను పాత తీగలే మళ్లీ ఎక్కించుకుని వాయించాను. పెద్దాయన ఢోలక్ ఆపలేదు. అప్పటి నుంచి విప్పిన తీగల్లో బాగున్నవాటిని చుట్టి గిటార్ పెట్టెలోనే ఉంచుతున్నాను. ఒకటి తెగితే పక్కవాటితో కలిసే తీగ సిద్ధంగా ఉంటుంది. మీరూ పారేయకండి. క్రిస్మస్‌కు కావలసిన కొత్త తీగలు నవంబరు మొదట్లోనే ఎక్కించండి.