సంతకం లేని బొమ్మలు: ఒక ఆత్మవిమర్శ

“కళ ప్రజలది. ప్రజల సొత్తుకు కాపలా ఏమిటి?” అని ఈమధ్య ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు ప్రశ్నించాడు. ఇంటర్నెట్‌లో పెట్టిన బొమ్మలను ఎవరు పడితే వారు ఎత్తుకుపోతున్నారనీ, వాటిని కాపాడుకునే మార్గాల గురించి మన సంఘాలు కూడా ఆలోచించాలనీ ఒక చిత్రకారిణి అడిగినప్పుడు వచ్చిన ప్రశ్న అది. సభలో చప్పట్లు పడ్డాయి. నేను కొట్టలేదు. నాకు ఇతరుల కన్నా సైద్ధాంతిక స్పష్టత ఎక్కువ ఉండి కాదు. అంతకుముందే ఒక దొంగతనం నేనే చేసి ఉన్నాను గనక.

నేను సంపాదకత్వం వహించిన ఒక కథాసంకలనానికి ముఖచిత్రం కావలసి వచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన బొమ్మ నా ఫోనులో ఉంది. నాట్లు వేస్తున్న ముగ్గురు ఆడవాళ్లు, వంగిన నడుములు, మోకాళ్ల దాకా బురద, అంతా నల్లసిరా గీతలు. ఎవరు గీశారని అడిగితే “నెట్‌లో దొరికింది” అన్నారు. నాకు ఆ జవాబు చాలింది. పుస్తకం అచ్చయింది. ముందుమాటలో ప్రూఫులు దిద్దిన మిత్రుడికీ, ప్రెస్సు కార్మికులకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. శ్రమ దోపిడీ మీద రాసిన పదహారు కథలకు అట్ట వేసిన మనిషి పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

మూడు నెలల తర్వాత ఆ బొమ్మ గీసినామె నుంచి ఒక చిన్న ఉత్తరం, దానితో పాటు పూర్తి బొమ్మ వచ్చాయి. అది చూశాక నాకు తెలిసింది, నేను అచ్చువేసింది బొమ్మలో ముప్పాతిక భాగమేనని. పై అంచున, గట్టు మీద, ఒక గొడుగు ఉంది. గొడుగు కింద చెప్పులు వేసుకున్న రెండు కాళ్లు. మనిషి కనిపించడు. కింద బురద గీతల్లో కలిసిపోయి ఆమె సంతకం ఉంది. ఎవరో బొమ్మను చదరంగా చేయడానికి పైనా కిందా కత్తిరించారు. గొడుగూ పోయింది, పేరూ పోయింది. నాకన్నా ముందే ఒక విత్తనాల కంపెనీ అదే ముక్కకు రంగులద్ది సంక్రాంతి శుభాకాంక్షల కార్డుగా వాడుకుందట.

విమర్శకులుగా మనం ఆగి చూడవలసింది ఇక్కడే. గొడుగు ఉన్నప్పుడు ఆ మూడు నడుముల వంపు ఒక సంబంధాన్ని చెబుతుంది. ఎవరి కోసం వంగారో, ఎవరి కళ్లెదుట వంగారో గట్టు మీది నీడ చెబుతుంది. గొడుగు తీసేస్తే మిగిలేది పల్లె అందం. దాన్నే కంపెనీ పండుగ అనుకుంది, నేను శ్రమ సౌందర్యం అనుకున్నాను. పరస్పర విరుద్ధమైన రెండు దృక్పథాలకు ఒకే ముక్క సరిపోయిందంటే లోపం ఆ ముక్కలో మాత్రమే లేదు, నా చూపులో కూడా ఉంది. కథలో ఒక పేరా ఎగిరిపోతే మనం గగ్గోలు పెడతాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అది అట్టకు అలంకారమని మన రచయితల్లో చాలామందికి లోపల ఒక నమ్మకం ఉంది.

మిత్రుడి వాదం సారాంశం, హక్కు అడగడం బూర్జువా వ్యక్తివాదమని. ఆస్తిహక్కు మీద మనకున్న అనుమానం న్యాయమైనదే. అయితే 1735లో ఇంగ్లండులో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే బొమ్మలకు 14 ఏళ్ల హక్కునిచ్చే చట్టం ఎందుకు వచ్చింది? విలియం హోగార్త్, ఆయన తోటి చిత్రకారులు బొమ్మల వ్యాపారుల మీద పోరాడి తెచ్చుకున్నారు. వ్యాపారులు నకళ్లు తీయించి చవగ్గా అమ్ముకుంటుంటే చెక్కినవాడికి దక్కేది శూన్యం. తన కొత్త బొమ్మల వరుసను ఆ చట్టం అమలులోకి వచ్చే రోజుదాకా ఆయన విడుదల చేయకుండా ఆపాడు. ఆ హక్కు తర్వాత పెట్టుబడిదారు చేతిలో ఆయుధమైన మాటా నిజమే. కానీ పుట్టినప్పుడు అది కూలి తగాదా.

జానపద కళలో పేరు లేదు కదా అని ఇంకో వాదం వినిపిస్తుంది. చేర్యాల నకాషీలు గీసిన పటాల మీద మన నవలల మీద ఉన్నట్టు పేరు అచ్చొత్తి ఉండకపోవచ్చు. కానీ ఆ పటాలను కథ చెప్పే కులాలవాళ్లు నకాషీల ఇంటికి వెళ్లి గీయించుకునేవాళ్లు. ఎవరి చేయో అడిగి తెలుసుకోనక్కర్లేదు. గీసినవాడూ గీయించుకున్నవాడూ ఎదురెదురుగా కూర్చున్న ఆ లోకాన్నీ, నా ఫోనులోకి ఎక్కడినుంచో వచ్చిపడ్డ ముక్కనూ ఒకే గాటన కట్టడం చరిత్ర తెలియని మాట. ఇక ప్రజలకు బొమ్మలు పంచడమంటారా, చిత్తప్రసాద్ కన్నా ఎక్కువ పంచినవాళ్లెవరు? బెంగాల్ కరువు మీద ఆయన వేసిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకాన్ని బ్రిటిషు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆయన బొమ్మల మీద సంతకం ఉంది. అది గర్వం కాదు, సాక్షి వేసే వేలిముద్ర.

చట్టం సంగతి కొంత తెలుసుకోవడం మంచిది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీయగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జీతానికి గీసిన బొమ్మకూ, ఎవరో డబ్బిచ్చి గీయించుకున్న చిత్రపటానికీ వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని డబ్బిచ్చినవాడే. అందుకే రెండు వాక్యాలైనా కాగితం మీద రాయించుకోవాలి. అయితే 57వ సెక్షన్ ఒకటుంది. హక్కులన్నీ అమ్మేసినా, ఇది నాదని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా వికృతం చేస్తే ఎదిరించే హక్కు గీసినవాడి దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకున్న అమర్‌నాథ్ సెహ్‌గల్ కంచు శిల్పాన్ని 1979లో ప్రభుత్వమే పీకేసింది. 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకు తిరిగి ఇమ్మనీ, 5 లక్షల పరిహారం కట్టమనీ తీర్పు చెప్పింది. పీకడానికీ తీర్పుకూ మధ్య ఇరవై ఆరేళ్లు. ఈ న్యాయం ఎవరికి అందుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి చేతనైన జాగ్రత్త గీసేవాళ్లే పడవలసి వస్తోంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి గనక వెయ్యి పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ మూడంగుళాలకు మించి శుభ్రంగా అచ్చుకాదు. నెట్‌లో అంతకన్నా పెద్దది పెట్టకపోవడం ఒక పద్ధతి. కానీ చిన్నదాన్ని పెద్దది చేసే యంత్రాలు ఇప్పుడున్నాయి. ఫైలు లోపల పేరు రాసుకోవచ్చు, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అదీ రాలిపోతుంది. అసలు చిత్తులు, తేదీలు, పొరలున్న ఫైలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవడం అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. బొమ్మ ముఖాన అడ్డంగా వాటర్‌మార్కు వేయడం నాకు నచ్చదు. గీసినవాళ్లే తమ బొమ్మకు మసి పూసుకున్నట్టుంటుంది. దానికన్నా, కత్తిరిస్తే బొమ్మే చచ్చిపోయే చోట సంతకం పెట్టడం మేలు. ఆమె ఇప్పుడు మధ్యనున్న మనిషి కొంగు మడతల్లో పెడుతోంది.

2022 నుంచి దోపిడీ పరిమాణమే మారిపోయింది. లాయన్-5బి అనే ఒక్క సేకరణలో 585 కోట్ల బొమ్మల చిరునామాలు, వాటి కింది వాక్యాలు ఉన్నాయి. బొమ్మలు పుట్టించే యంత్రాలను తయారుచేయడానికి అలాంటి సేకరణలే ముడిసరుకు. గీసినవాళ్లను అడిగింది లేదు. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు దీని మీద దావా వేశారు. అదే ఏడాది షికాగో విశ్వవిద్యాలయంవాళ్లు గ్లేజ్ అనే సాధనాన్ని ఉచితంగా ఇచ్చారు. మన కంటికి పెద్దగా తేడా తెలియకుండా గీతలను యంత్రానికి తికమక చేస్తుంది. దాన్ని వదిలించే ఉపాయాలనూ ఇప్పటికే పరిశోధకులు చూపించారు. మన మిత్రుడికి నా ప్రశ్న ఇది: అందరిదీ అని వదిలేసిన బీడుకు కంచె వేసి, లోపలికి రావడానికి నెలనెలా చందా వసూలు చేస్తున్నది ఎవరు? ప్రజలా?

నాకు కనబడే దారి తాళం కాదు, షరతు. పేరు చెప్పి, కత్తిరించకుండా, లాభానికి కాకుండా ఎవరైనా వాడుకోవచ్చని బొమ్మ పక్కనే రాసిపెట్టడం. 2002 నుంచి క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రాలు ఈ పనికి ఉన్నాయి. విద్యార్థి సంఘం పోస్టరుకు ఒక నీతి, విత్తనాల కంపెనీ కార్డుకు ఇంకో నీతి ఉండడంలో తప్పులేదు. కానీ మన పత్రికలు, మన సంకలనాలు ఆ షరతు పాటిస్తాయా? బొమ్మ దొరికినప్పుడు దాన్నే శోధనయంత్రంలో పెట్టి వెతికితే గీసినవాళ్లు తరచుగా దొరుకుతారు. ఐదు నిమిషాల పని. నేను చేయలేదు.

ఆమెకు క్షమాపణ రాసి, ఎంత ఇవ్వమంటారని అడిగాను. “డబ్బు తర్వాత మాట్లాడుకుందాం సార్, ముందు గొడుగు పెట్టండి” అని జవాబిచ్చింది. రెండో ముద్రణకు పూర్తి బొమ్మ వేశాం, రెండో పేజీలో ఆమె పేరు వేశాం, పారితోషికం పంపాం. గొడుగు మీద పడకుండా పుస్తకం పేరును, నా పేరును కిందికి, బురదలోకి జరపవలసి వచ్చింది.